సర్వర్‌లో టైమెంతైందండి?

నేను రిటైరవుతుంటే నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి పేరు అనూష. చేరిన రోజునే నోట్‌బుక్ తెరిచి, పెన్ను మూత తీసి, నన్నడిగిన మొదటి ప్రశ్న: "సార్, అసలు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిది?"

ఇరవై ఆరేళ్లుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎంచడం, ఎక్కించడం, ఎక్కించినవి పడిపోతే మళ్లీ ఎక్కించడం నా పని. జవాబు నాలుక చివర ఉండాలి. నేను "ముందు టీ తాగుదామమ్మా" అన్నాను. టీ అయిపోయింది, జవాబు రాలేదు. ఆ అమ్మాయి మర్యాదగా నోట్‌బుక్ మూసేసింది. ఇప్పుడు రాస్తున్నది ఆ ఖాళీ పేజీ కోసం.

మాది బందరులో రొయ్యల చెరువుల ల్యాబు. రైతులు నీళ్లూ, మట్టీ, రొయ్యా పట్టుకొస్తారు. జబ్బు ఉందో లేదో చూసి చెప్తాం. గుడివాడలో ఒక శాఖ, దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక శాఖ. మూడుచోట్ల రిపోర్టులూ బందరులో ఒక సర్వర్‌లోకి చేరతాయి. సర్వర్ అంటే పెద్ద మాటేం కాదు. అందరి కాగితాలూ తన దగ్గర పెట్టుకుని, అడిగినవాళ్లకి తీసిచ్చే కంప్యూటర్. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆ కంప్యూటర్‌లో అన్ని ప్రోగ్రాముల కంటే ముందు లేచి, మిగతావాటికి చోటూ పనీ పంచేది. ఇంట్లో అమ్మలాంటిది అని మా కాలేజీలో చెప్పేవారు. మా అమ్మయితే పదిమంది భోజనానికి కూర్చున్నాక "కాసేపు ఆగండి, నన్ను నేను సరిచేసుకుని వస్తాను" అని ఎన్నడూ అనలేదు.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చింది ఒకటి; దాంతో కుర్చీ మారింది, ఫ్యాను మారలేదు. రాయవలసింది వేరే ఉంది. కృత్తివెన్నులో పోతురాజు గారనే రైతు చెరువులో మూడోవంతు రొయ్య నా మూలంగా చచ్చిపోయింది. అంతకుముందు పంట ఆయనకి పూర్తిగా పోయింది; ఈ పంట కూడా పోతే చెరువు వదులుకుని వేరేవాళ్ల చెరువు మీద జీతానికి కుదరాల్సిన పరిస్థితి. అలాంటి చెరువుని నేను ముంచబోయాను, అదీ చెరువులో కాలు పెట్టకుండా, సర్వర్ ముందు కూర్చుని, ఒక చిన్న తమాషా చేసి. ఈ పనిలోకి వచ్చేవాళ్లకి మొట్టమొదట తెలియాల్సింది అదే. అయితే అక్కడికి చేరాలంటే ముందు ఒక తువ్వాలు గురించీ, ఒక పడవ ఇంజను గురించీ చెప్పాలి.

తువ్వాలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అన్నీ తెలుసు. ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చదివాను. మూడు పత్రికలు తెప్పించుకునేవాణ్ణి. వాటిలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఎక్కువ చుక్కలు వేస్తే అదే మంచిదని నమ్మేవాణ్ణి.

నాగాయలంకలో కంప్యూటర్ రోజుకి రెండుసార్లు దానంతటదే ఆగిపోతోందని ఫోనొచ్చింది. సీపీయూని బస్సులో బందరు తెప్పించాను. ఆపరేటింగ్ సిస్టమ్ పాడైందని తేల్చి, మొత్తం తుడిచి, కొత్తగా ఎక్కించాను. రెండు రోజులు నా బల్ల మీద బంగారంలా నడిచింది. వెనక్కి పంపాను. అక్కడ మళ్లీ ఆగిపోయింది. మళ్లీ తెప్పించి, ఈసారి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. మళ్లీ బంగారం, మళ్లీ బస్సు. మూడోసారికి కండక్టరు దానికి సీటు చూపించడం మొదలుపెట్టాడు.

నాలుగోసారి సీపీయూ బదులు నేనే బస్సెక్కాను. నాగాయలంకలో ఆపరేటరు ఒక పెద్దావిడ. చాలా శుభ్రమైన మనిషి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని సీపీయూ చుట్టూ మందపాటి తువ్వాలు చుట్టి, పైన పిన్నీసు పెట్టింది. లోపల యంత్రం ఉక్కపోసి స్పృహ తప్పుతోంది. బస్సులో పంపేటప్పుడు మాత్రం ఆ తువ్వాలు విప్పి, మడిచి, దాచేది. ఆఫీసుది కాదు, సొంత తువ్వాలు.

నేను మూడుసార్లు ఆపరేటింగ్ సిస్టమ్‌ని అనుమానించాను. తువ్వాల్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఏ పత్రికలోనూ తువ్వాలుకి చుక్కలు వెయ్యలేదు మరి.

ఆ రోజు సాయంత్రం దాకా ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. తెర మీద ఇంగ్లీషులో ఏ పెట్టె ప్రత్యక్షమైనా ఆవిడ చేతులు ఒళ్లోకి తీసేసుకునేది. "నేనేమీ నొక్కలేదండీ" అనేది, నేనేమీ అడక్కుండానే. ఆ పెట్టె దానంతటది పోయేదాకా వేరే పని చూసుకునేది. కొన్ని పెట్టెలు రెండు రోజులుండేవట. కరెంటు పోయే ముందు ఫ్యాను ఒకలా మూలుగుతుందని ఆవిడకి తెలుసు. ఆ మూలుగు వినగానే చేస్తున్న పని భద్రం చేసేది. మేము పెట్టిన బ్యాటరీ కంటే ఆవిడ చెవులే నమ్మకంగా పనిచేశాయి.

కాలేజీలో రెండేళ్లలో దొరకని చదువు ఆ ఒక్క పూటలో దొరికింది. అప్పట్నుంచి ఎక్కడ ఏది ఎక్కించబోయినా, దాన్ని వాడే మనిషి పక్కన ఒక పూట కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. దీన్ని తెలివి అనలేను. నేనిచ్చిన యంత్రాన్ని వీళ్లు ఇంకా ఏమేం చేస్తున్నారో చూడాలనే దురద, అంతే.

ఒడ్డున మెకానిక్

మా యజమాని ఏడుకొండలు గారిది బందరు హార్బరు వైపు, సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. తండ్రి పడవ నడిపారు. ఈయన చేపల వ్యాపారంలోకి వచ్చి, ఆ తర్వాత ల్యాబు పెట్టారు. కంప్యూటర్‌ని ముట్టుకోరు. అయినా ఆయన దగ్గర నేర్చుకున్నంత కంప్యూటర్స్ నేను ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు.

పాత సర్వర్‌లో డిస్కు కటకటమనడం మొదలెట్టినప్పుడు కొత్తది కొనాలని ఆయన గదికి వెళ్లాను. పెద్ద కాగితం మీద పట్టిక గీసుకెళ్లాను: విండోస్ ఒక గడి, లినక్స్ ఒక గడి, కింద ఇరవై అంశాలు. ఓపిగ్గా మొత్తం విన్నారు.

"ఇది నడిసముద్రంలో ఆగిపోతే చూసేది ఎవరండీ?"

"నేనేనండి."

"మీకు ఏది విప్పి బిగించడం వచ్చు?"

"లినక్స్ అండి."

"మరి రెండో గడి ఎందుకు గీశారు?"

పడవకి ఇంజను కొనేటప్పుడు వాళ్లు ముందు చూసేది ఒకటేనట: దాన్ని విప్పగలిగే మెకానిక్ ఒడ్డున ఉన్నాడా లేడా. బలం, వేగం తర్వాత సంగతి. సర్వర్‌ని ఎంచడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు ఇప్పటికీ దొరకలేదు. గుడివాడ శాఖలో అందరికీ విండోస్ అలవాటు. అక్కడ అదే ఉంచాం, శుభ్రంగా నడిచింది. బందరు సర్వర్‌కి లినక్స్. ఈ రెండింటి అభిమానులూ ఇంటర్నెట్‌లో ఎందుకంత కొట్టుకుంటారో నాకు అర్థం కాదు. బహుశా వాళ్లకి చెరువులు లేవు.

సర్వర్‌తో పాటు దాన్ని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ కూడా ఒకటి ఎంచాను. వేడి ఎంత ఉంది, డిస్కు ఎంత నిండింది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఇలా అన్నిటికీ తెర మీద చిన్న చిన్న దీపాలు చూపిస్తుంది. బాగుంటే పచ్చ, బాగోకపోతే ఎరుపు. దాన్ని కూడా అదే సర్వర్ మీద ఎక్కించాను. ఇంత చిన్న పనికి వేరే యంత్రం దండగ అనుకున్నాను. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఇంకో రెండు సంస్కరణలు కూడా చేశాను. బందరు ల్యాబు ఇన్‌ఛార్జి సులోచన. రొయ్యలో తెల్లమచ్చ వ్యాధి తేలితే, ఎంత పనిలో ఉన్నా లేచి వెళ్లి ఆ రైతుకి తనే ఫోన్ చేసేది. తెల్లమచ్చ తేలిన చెరువుని ఆ పూటే వల లాగి పట్టెయ్యాలి. ఒక్క రాత్రి ఆగినా ఎంత దక్కుతుందో చెప్పలేం. కొత్త సర్వర్ వచ్చాక ఫోన్లు అక్కర్లేదని చెప్పాను. రిపోర్టు ఎక్కించగానే, ఆ చెరువు తాలూకు తాజా రిపోర్టు రైతు ఫోన్‌కి మెసేజ్‌గా వెళ్లిపోతుంది. అలాగే, వరస నంబర్లు వేసి చేత్తో రాసే రిజిస్టరు కూడా ఆపెయ్యమన్నాను.

"సరే సార్" అంది సులోచన. ఆవిడ "సరే సార్" అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

పదీ పన్నెండు

ఏడుకొండలు గారింట్లో కొత్త పడవ ముహూర్తం చూడకుండా నీళ్లలోకి దిగదు. సర్వర్ కూడా ఆయన లెక్కలో పడవే. గురువారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకి పెట్టారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. పడవ ముక్కుకి కట్టినట్టు సర్వర్‌కి బంతిపూల దండ. దండ గాలి చిల్లులకి అడ్డం రాకుండా నేను చూసుకున్నాను. తువ్వాలు దెబ్బ తిన్నవాణ్ణి కదా. మాది గూడూరు దగ్గర ఊళ్లో క్రైస్తవ కుటుంబం. నేనూ కొత్త యంత్రం మీద వేలు పెట్టేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాను. ఆయన ముహూర్తానికీ నా ప్రార్థనకీ ఆ గదిలో ఎప్పుడూ పేచీ రాలేదు. పేచీ వచ్చింది పెన్‌డ్రైవ్‌తో.

పెన్‌డ్రైవ్‌లోకి ఆపరేటింగ్ సిస్టమ్ సగమే దిగి ఉంది. ముందురోజే సరిచూసుకోవాల్సింది. చూసుకోలేదు. మళ్లీ దింపడం మొదలుపెట్టాను. పదీ పన్నెండు వచ్చింది, వెళ్లింది. ఆ పూట ఇంటర్నెట్ కాలవలో గుర్రపుడెక్క కదిలినట్టు కదిలింది. మొత్తం దిగేసరికి ఒంటిగంట దాటింది. ఏడుకొండలు గారు కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నారు.

"ఇంక తొమ్మిది రోజుల దాకా మంచి వేళ లేదండి దేవసహాయం గారూ. అప్పుడే చూద్దాం."

పాత డిస్కు తొమ్మిది రోజులు బతకదు. ఆ మాటే చెప్పాను. ఆయన్ని డిస్కు ఒకవైపు, ముహూర్తం ఒకవైపు లాగుతున్నాయి. ఇలాంటప్పుడు ఊరుకోవడం నా నోటికి చేతకాదు.

"సర్వర్ గడియారం వెనక్కి తిప్పేస్తే పోలేదా అండీ? దాని లెక్కలో ఇంకా పదీ పన్నెండే అవుతుంది."

ఆయన నవ్వలేదు. ఆలోచించారు.

"దానికి తెలుస్తుందా?"

"తెలియదండి. మనం ఎంతంటే అంతే."

"అయితే కానివ్వండి."

నేను జోకు వేశాను. ఆయన దాన్ని పరిష్కారంగా తీసుకున్నారు. ఇక వెనక్కి తగ్గడానికి లేదు. ఇప్పటి కంప్యూటర్లు ఇంటర్నెట్‌లో ఉండే గడియారాలతో తమ టైము ఎప్పటికప్పుడు సరిచూసుకుంటాయి. నేను వెనక్కి తిప్పితే అది మళ్లీ ముందుకొచ్చేస్తుంది. అందుకని సెట్టింగుల్లో ఆ సరిచూసుకునే ఏర్పాటునే ఆపేశాను. అసలు టైము ఒంటిగంట ఇరవై. సర్వర్‌లో పదీ పన్నెండు. ఆయన కాయ కొట్టారు, నేను కళ్లు మూసుకున్నాను, ఎంటర్ నొక్కాను.

అది ఎక్కుతూ ఉండగా అందరం భోజనాలకి లేచాం. తిని వచ్చి గడియారం సరిచేద్దామనుకున్నాను. ఆ రోజు పండుగప్ప చేపల పులుసు. ఆ పులుసు గురించి ఇప్పటికీ రెండు పేజీలు రాయగలను. గడియారం గురించి మాత్రం ఆ పూట ఒక్క ఆలోచన కూడా రాలేదు.

పచ్చదీపాలు

మంగళవారం పొద్దుటిదాకా సర్వర్ మూడు గంటల ఎనిమిది నిమిషాలు వెనకే ఉంది. నా తెర మీద అన్నీ పచ్చదీపాలే. వాటిలో గడియారం సరిగ్గా ఉందా అని చూసే దీపం కూడా ఒకటుంది. అదీ పచ్చగానే ఉంది. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ నడిచేది అదే సర్వర్ మీద. తన చేతి గడియారం తనే చూసుకుని, సరిగ్గానే ఉందని చెప్తోంది.

మనుషులెవరికీ కనిపించలేదా అని తర్వాత చాలాకాలం నన్ను తొలిచింది. కనిపించింది. సులోచన మొదటి రోజే చూసింది. సాయంత్రం నాలుగింటికి ఇచ్చిన రిపోర్టు మీద మధ్యాహ్నం ఒంటిగంట అని పడుతోంది. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"పెద్దాయనే కావాలని పెట్టించారనుకున్నాను సార్. రిపోర్టులన్నీ మంచి వేళలో పడాలని. మనకెందుకులే అనుకున్నాను."

నవ్వొచ్చే మాటే, కానీ తప్పు పట్టడానికి లేదు. ముహూర్తం కోసం గడియారం తిప్పిన ఆఫీసులో ఆవిడ అనుకున్నది పూర్తిగా సబబు. ఇంకెక్కడైనా అయితే ఎవరో ఒకరు టైము తప్పుగా ఉందని అరిచేవారు. మా దగ్గర అందరూ గౌరవంగా ఊరుకున్నారు.

గుడివాడలో మాత్రం గడియారాలు సరిగ్గానే ఉన్నాయి. అక్కడ ఎక్కించిన రిపోర్టు మీద అక్కడి కంప్యూటర్ టైము పడుతుంది. బందరులో ఎక్కించినదాని మీద సర్వర్ టైము పడుతుంది. రెండిటిలో ఏది తాజాదో ఆ టైము చూసే తేల్చే ప్రోగ్రాము రాసిందీ నేనే. గడియారం తిప్పిందీ నేనే, ఫోన్లు ఆపిందీ నేనే, రిజిస్టరు ఆపమన్నదీ నేనే. ఒకే మనిషి ఇన్ని ఏర్పాట్లు ఒంటిచేత్తో చెయ్యడం అరుదు.

రొయ్య ఒప్పుకోవట్లేదు

సోమవారం తెల్లారగానే పోతురాజు గారు చెరువులోంచి కాసిని రొయ్యలు తీసి, గుడివాడ వెళ్తున్న బావమరిది చేత మా శాఖకి పంపారు. వారం వారం పంపేవే. పదింటికి గట్టు మీద తిరుగుతుంటే, వారన కొన్ని రొయ్యలు కదలకుండా పడి ఉండటం చూశారు. అనుమానం వచ్చి వాటిని ఏరి, ఈసారి బందరు వచ్చే వ్యాను మీద మాకు పంపారు. ఎందుకైనా మంచిదని వలల వాళ్లకీ, ఐసుకీ కబురు పెట్టుకున్నారు.

మధ్యాహ్నం రెండూ అయిదుకి గుడివాడ రిపోర్టు ఎక్కింది: జబ్బు లేదు. ఆ మాటే పోతురాజు గారికి మెసేజ్ వెళ్లింది. వాళ్లు చూసినవి ఆరోగ్యంగా ఎగిరే రొయ్యలు. వాళ్ల తప్పేం లేదు. సాయంత్రం నాలుగున్నరకి సులోచన బందరు రిపోర్టు ఎక్కించింది: తెల్లమచ్చ ఉంది. సర్వర్ దాని మీద ఒంటిగంట ఇరవై రెండు అని వేసుకుంది. వెంటనే పోతురాజు గారికి తాజా రిపోర్టు పంపడానికి నా ప్రోగ్రాము లేచింది. ఒంటిగంట ఇరవై రెండు, రెండూ అయిదు. ఏది తాజా? గుడివాడది. జబ్బు లేదని మరోసారి మెసేజ్ పంపి పడుకుంది.

రెండుసార్లు అదే మాట చెప్పేసరికి పోతురాజు గారు వలల వాళ్లని వెనక్కి పంపేశారు.

మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆయన థర్మోకోల్ డబ్బా పట్టుకుని మా ఆఫీసుకొచ్చారు. సన్నగా, పొడుగ్గా, మాట పెంచని మనిషి. డబ్బా నా బల్ల మీద పెట్టి మూత తీశారు.

"మీ మెసేజీ చెరువు బాగుందంటోందండి. రెండుసార్లు చెప్పింది. నా రొయ్య మాత్రం ఒప్పుకోవట్లేదు."

పెంకుల మీద తెల్లమచ్చలు కంటికే కనిపిస్తున్నాయి. సులోచన వచ్చి చూసింది. లోపలికెళ్లి, బీరువా అడుగు నుంచి రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచింది. నేను ఆపెయ్యమన్న రిజిస్టరు. సోమవారం పేజీలో వరస నంబరు, పోతురాజు గారి పేరు, పక్కన ఎర్ర ఇంకుతో పాజిటివ్ అని.

"నిన్న నాలుగున్నరకే ఎక్కించాను సార్. మెసేజ్ వెళ్లిపోతుంది, ఫోన్ చెయ్యొద్దన్నారు కదా" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

పోతురాజు గారికి ఆ క్షణాన కారణాలతో పనిలేదు. "అయితే పట్టెయ్యాలి" అని, మెట్లు దిగుతూనే వలల వాళ్లకి ఫోన్ చేసుకున్నారు.

నేను రిజిస్టరూ తెరా పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే భయం కంటే ముందు కుతూహలం వచ్చింది. పాజిటివ్ రిపోర్టు ఎక్కడికీ పోలేదు, సర్వర్‌లోనే ఉంది. మరి నాలుగున్నరకి ఎక్కిన రిపోర్టు రెండింటికి ఎక్కినదాని కింద ఎందుకు పడుకుంది? గోడ గడియారం చూశాను: ఎనిమిదీ నలభై. తెర మూల చూశాను: అయిదూ ముప్పై రెండు. తీసివేత చేశాను. మూడు గంటల ఎనిమిది నిమిషాలు.

పండుగప్ప పులుసు రుచి నోట్లోకొచ్చింది.

వల తెగితే

గడియారం సరిచెయ్యడానికి పది సెకన్లు పట్టింది. ఏడుకొండలు గారికి చెప్పడానికి గంట పట్టింది. అందులో యాభై నిమిషాలు ఆయన గది బయట వరండాలోనే గడిచాయి.

ఆయన మొత్తం విని, "పోతురాజుకి తెలుసా?" అన్నారు.

"తెలియదండి. మెసేజ్‌లో ఏదో తేడా వచ్చిందనుకుంటున్నారు. ఫోన్ వాళ్ల తప్పనుకున్నా అనుకోవచ్చు."

ఆ చివరి మాట నేనెందుకన్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆయనకీ అర్థమైంది.

"మన ఇంజను తగిలి పక్కవాడి వల తెగితే, వాడు చూసుకోకముందే మనం వెళ్లి చెప్పాలండి. హార్బర్లో అదే పద్ధతి. పదండి" అని లేచారు.

కారు బంటుమిల్లి దాటింది. ఆ తర్వాత ఆయనే, "కానివ్వమన్నది నేనే కదండీ" అన్నారు. తిప్పుదామన్నది నేనండి, అన్నాను. యజమానిని నేను, అన్నారు. చదువుకున్నది నేను, అన్నాను. కృత్తివెన్ను దాకా ఆ తప్పుని ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుంటూ వెళ్లాం.

చెరువులో వల లాగుతున్నారు. గట్టు మీద ట్రేలు, ఐసు. పోతురాజు గారు బతికిన రొయ్యలోంచి చచ్చిన రొయ్య ఏరి పక్కన పడేస్తున్నారు. నేను ఎదురుగా గొంతుకూర్చుని, పెన్‌డ్రైవ్ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన చేతులు ఆగలేదు.

"గడియారం ఎందుకు తిప్పారండి?"

"ముహూర్తం దాటిపోయిందండి" అన్నారు ఏడుకొండలు గారు.

పోతురాజు గారు ఇంకో నాలుగు రొయ్యలు ఏరారు.

"మంచి ముహూర్తమేనా?"

"చాలా మంచిదండి."

"మరింకేం."

తిట్టి ఉంటే నయం.

మూడొంతుల్లో రెండొంతులు దక్కింది. సోమవారం సాయంత్రమే పట్టి ఉంటే దాదాపు మొత్తం దక్కేదని ఆయన అంచనా. సులోచన అంచనా కూడా అంతే. పోయినదానికి మా ల్యాబు ఏం చెయ్యాలో ఆయనా ఏడుకొండలు గారూ గట్టు మీద అటు నడిచి మాట్లాడుకున్నారు. ఏదో ఒప్పందానికి వచ్చారు. ఆయన చెరువు వదులుకోలేదు, తర్వాతి పంట వేశారు. నేను చెప్పగలిగిన మంచి వార్త అదొక్కటే.

బయల్దేరుతుంటే పోతురాజు గారు వెనక నుంచి పిలిచారు. ఆ వైపు నన్ను అందరూ కంప్యూటర్ గారనే అంటారు.

"కంప్యూటర్ గారండీ, ఇప్పుడు సరిగ్గా ఉందా ఆ గడియారం?"

"ఉందండి."

"ఎవరు చూశారు?"

"నేనేనండి."

"మొన్నా మీరే కదండీ చూసింది?"

పొద్దుటి ఫోను

మర్నాడు పొద్దున్న ఆఫీసు ఫోను మోగింది. పోతురాజు గారు.

"సర్వర్‌లో టైమెంతైందండి?"

గోడ వైపు చూసి పదీ పన్నెండు అని చెప్పాను.

"గోడ మీద కాదండి. దాంట్లో."

గోడ చూశానని ఎలా తెలిసిందని అడిగితే, ఠక్కున చెప్పారు కదా అన్నారు. తెర చూసి మళ్లీ చెప్పాను. నాకూ అంతే ఉందండి, అని పెట్టేశారు. ఆ మర్నాడూ అదే వేళకి చేశారు. ముహూర్తం వేళే పెట్టుకున్నాను, మీకైతే మర్చిపోవడానికి ఉండదు కదా అన్నారు. ఆదివారాలు చర్చిలో ఉంటానని చెప్తే ఆదివారం వదిలేశారు. మిగతా రోజులు, నేను రిటైరయ్యేదాకా, ఒక్క పొద్దూ తప్పలేదు.

ఆ వారమే కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్‌ని బందరు సర్వర్ మీంచి తీసి గుడివాడలో వేరే కంప్యూటర్ మీద ఎక్కించాను. ఒక యంత్రం బాగోగులు ఇంకో యంత్రం చెప్పాలి. తన సంగతి తను చెప్పుకునేదాన్ని నమ్మకూడదు, మనిషైనా అంతే. ఏ రిపోర్టు తాజాదో తేల్చడానికి ఇప్పుడు గడియారాన్ని అడగం; మూడు శాఖలకీ కలిపి సర్వర్ వేసే వరస నంబరు చూస్తాం. అది సులోచన రిజిస్టరులోంచి కాపీ కొట్టిన పద్ధతి. ఆ మాట ఆవిడతో చెప్తే "సరే సార్" అంది. తెల్లమచ్చ తేలితే మెసేజ్ వెళ్లినా సరే, ఆవిడ లేచి వెళ్లి ఫోన్ చేస్తుంది. దాన్ని మళ్లీ ఎవరూ సంస్కరించలేదు.

ఆ తర్వాత సర్వర్లని చూసుకునే సాఫ్ట్‌వేర్లు చాలా వాడాను. బొమ్మలు గీసేవి, గంట మోగించేవి, జరగబోయేది ముందే చెప్తాననేవి. మంచివే. కానీ వాటిలో ఏదీ, నేను జవాబు చెప్పిన వేగం బట్టి అబద్ధం పట్టుకోలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పదలచుకున్నది కూడా ఇంతే. ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద వాదించుకోండి, సరదాగా ఉంటుంది. ఎక్కించేముందు పెన్‌డ్రైవ్ సరిచూసుకోండి, అంత సరదాగా ఉండదు. ఏదైనా తాత్కాలికంగా ఆపితే, ఆపినట్టు కాగితం మీద రాసి తెరకి అంటించండి. ఆ తర్వాతే భోజనానికి లేవండి. మీరు నొక్కే మీటకి అవతలి చివర ఎవరి చెరువు ఉందో ఒకసారి వెళ్లి చూసి రండి.

నా ఆఖరి రోజున కూడా పోతురాజు గారు ఫోన్ చేశారు. టైము చెప్పాను. వెంటనే పెట్టెయ్యలేదు.

"రేపట్నుంచి ఎవరండీ?"

"అనూష అనే అమ్మాయండి. ఎమ్మెస్సీ."

"టైము చూడటం వచ్చా?"

"చాలా బాగా చదువుకుందండి."

"మీరూ చదువుకున్నారు కదండీ" అన్నారు.

రిటైరై రెండు నెలలైంది. మొన్నొక పొద్దున్న అనూష నాకు ఫోన్ చేసింది. గొంతులో కంగారు.

"సార్, పోతురాజు గారి ఫోన్ రాలేదు. పదీ ఇరవై దాకా చూశాను. ఏమైందోనని నేనే చేశాను."

"ఏమైందట?"

"ఏం లేదట సార్. చెరువు అవతలి గట్టున ఉన్నారు, సిగ్నల్ లేదట. నాలుగోసారికి ఇటు వచ్చి ఎత్తారు. ఎత్తగానే టైమెంతైందని అడిగారు."

"చెప్పావా?"

"ఉండండి అని, సర్వర్ తెరిచి చూసి చెప్పాను సార్. అప్పుడు, నువ్వు పర్లేదమ్మాయ్ అన్నారు."

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిదని ఆ అమ్మాయి మళ్లీ అడగలేదు.